మబ్బుగుండానికి దారి

కజ్బెగి, జార్జియా
2019 జూన్ 9

అక్కా,

నీ చేతిరాత చూసి నెల దాటింది. ఇప్పలపెంటలో సిగ్నల్ లేదని తెలుసు. కాని ఆదివారం అచ్చంపేట సంతకు వెళ్తావు కదా, రెండు ముక్కలు కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపడానికి ఎంతసేపు? నన్ను చూడు. వేళ్లు కొంకర్లు పోతున్నా కలంతోనే రాస్తున్నాను. టైపు చేస్తే బ్యాంకు నోటీసులాగా ఉంటుందని అన్నది నువ్వే.

ఇక్కడ ఒక కొండ నెత్తి మీద పాత రాతి చర్చి ఉంది. దాని వెనక సగం ఆకాశాన్ని ఆక్రమించి మంచుకొండ. రెండూ ఒకే ఫొటోలో పడాలంటే ఎదురుగుట్ట ఎక్కి, మబ్బు విడిపోయేదాకా కాచుకోవాలి. మూడు రోజులు ఎక్కాను, మూడు రోజులూ మబ్బే. నాలుగో రోజు గొర్రెల మందతో ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చుని తన రొట్టెలో సగం నాకు పెట్టాడు. భాష తెలియదు. కొండ వైపు వేలు చూపించి, ఆ వేలినే పెదాల మీద పెట్టుకున్నాడు. మాట్లాడకు అన్నాడో, తొందరపడకు అన్నాడో. కాసేపటికి మబ్బు పక్కకు జరిగింది. నలభై ఫొటోలు తీశాను. తల తిప్పి చూస్తే ఆయన కొండను చూడటం లేదు, నన్ను చూసి నవ్వుతున్నాడు.

అసలు సంగతి ఇది. పోయినేడు నీ దగ్గరికి వచ్చినప్పుడు తీసిన మబ్బుగుండం ఫొటోకు బహుమతి వచ్చింది! టిబిలీసీ ప్రదర్శనలో గోడంత పెద్దది చేసి పెట్టారు. రెండు రాతి గోడల నడుమ తెల్లగా దిగే ఆ నీళ్ల ముందు జనం నిలబడిపోతుంటే నేను ఒక మూల నిలబడి వాళ్ల వీపులు చూశాను. రామన్నపేట బస్టాండు పక్కన బాపు సైకిల్ షాపులో పంక్చర్లు వేసిన చేతులేనా ఇవి అనిపించింది.

ఆ ఫొటో చూసే ఒక ప్రచురణ సంస్థ వాళ్లు ఇరవై దేశాల జలపాతాల మీద పుస్తకం చేయమన్నారు. వచ్చే ఫిబ్రవరి దాకా తిరుగుడే. ఐస్‌లాండ్, చిలీ, జాంబియా... నా జన్మలో ఇంత పెద్ద పని రాలేదు, మళ్ళీ వస్తుందన్న నమ్మకమూ లేదు.

గుర్వయ్యకు చెప్పు. నన్ను గుండం దాకా తీసుకుపోయింది ఆయనే కదా. దారి ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పు. ఇచ్చిన మాట నాకు గుర్తుంది.

నీ తమ్ముడు
పరమేష్


ఇప్పలపెంట
జూన్ 30

తమ్మీ పరమేషూ,

బహుమతి సంగతి చదివి ఆరోగ్య కేంద్రంలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. సూది వేయించుకోవడానికి వచ్చిన పిల్ల భయపడి తల్లి కొంగు వెనక దాక్కుంది. బాపు ఉంటే షాపు ముందు నీ ఫొటో కట్టి, వచ్చిన వాళ్లందరి సైకిళ్లకూ ఊరికే గాలి కొట్టేవాడు.

ఆలస్యానికి కారణం జ్వరాలు. వానలు మొదలయ్యాయి, ఇంటింటికీ తిరిగి రక్తం చుక్కలు తీస్తున్నాను. గుర్వయ్య బిడ్డకు కాన్పు కూడా నేనే చేశాను. మగపిల్లవాడు.

నీ మాట గుర్వయ్యకు చెప్పాను. తేనె తీయడానికి తాడు పేనుతూ విన్నాడు. "మంచిదే నర్సమ్మా. బొమ్మ చూసినోళ్లు బొమ్మ చూసి ఊకుంటె ఇంకా మంచిది" అన్నాడు. అలా ఎందుకన్నాడో చెప్తాను విను.

నాలుగు వారాలుగా ఆదివారం అయితే చాలు, మోటారు సైకిళ్లు వస్తున్నాయి. మొదట ఐదారు, పోయిన వారం ముప్పైకి పైగా. హైదరాబాదు నుంచి, నల్లగొండ నుంచి, కర్నూలు నుంచి కూడా. గుండంలో దూకుతున్నారు, సబ్బుతో స్నానాలు చేస్తున్నారు. సీసాలు పగులగొట్టి పోతున్నారు. పెంటలో, ఈ అడవి గూడెంలో, ఉన్న పద్దెనిమిది ఇళ్ల వాళ్లు తాగేది ఆ నీళ్లే. గుర్వయ్య భార్య నర్సింగమ్మ మొన్న రెండు బిందెలు తెచ్చి నా ముందు దించి, "చూడు నర్సమ్మా, నురగ! గీ నీళ్లు బాలెంతకు ఎట్ల తాపాలె?" అని అడిగింది. నా దగ్గర ఉన్న క్లోరిన్ బిళ్లలు ఇచ్చాను. ఇంకేం చెప్పను?

ఒక సంగతి నాకు అర్థం కావడం లేదు. వచ్చిన వాళ్లందరూ నేరుగా "గుర్వయ్య ఇల్లెక్కడ?" అని అడుగుతున్నారు. పేరు ఎలా తెలిసింది? ఆయన రానంటే బతిమాలుతున్నారు, కొందరు తిడుతున్నారు.

నువ్వు అడవి ఆఫీసులో పర్మిషన్ కాగితం తీసుకునే లోపలికి పోయావు కదా? మొన్న అడవి బీటు ఆఫీసరు వచ్చి, "పోయినేడు ఎవడన్న ఫొటోలు తీసెటోడు వచ్చిండా అమ్మా?" అని అడిగాడు. నా తమ్ముడు నన్ను చూడటానికి వచ్చి రెండు రోజులు ఉండి పోయాడని మాత్రం చెప్పాను. కెమెరా మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకే తెలియదు.

జాగ్రత్తగా తిరుగు. చలిదేశాల్లో పాదాలు పగులుతాయి, కొబ్బరినూనె రాసుకో.

అక్క
అండాలు


వీక్, ఐస్‌లాండ్
ఆగస్టు 4

అక్కా,

ఇక్కడ ఇసుక నల్లగా ఉంటుంది. దాని మీద సముద్రపు నురుగు పడితే పలక మీద సుద్దతో గీసినట్టు ఉంటుంది. ఆకాశం రోజుకు పది రంగులు మారుతుంది, అందులో తొమ్మిది బూడిద రంగులే. పదోదాని కోసం నేను గాలిలో కెమెరా స్టాండును రెండు చేతులా పట్టుకుని నిలబడతాను. పన్నెండు జలపాతాలు చూశాను. ఒకదాని వెనకగా నడిచి, నీటితెర లోపలి నుంచి సూర్యుడిని తీశాను. లెన్సు తుడవడం, తీయడం, మళ్ళీ తుడవడం. తల నుంచి పాదాల దాకా తడిశాను గాని, ఒక్క ఫొటో మాత్రం పుస్తకానికి అట్ట అవుతుంది.

ఒక లోయ దగ్గర దారికి అడ్డంగా తాడు కట్టి, కాపలాకు హెల్గా అనే ఆమెను పెట్టారు. ఎవరో తీసిన వీడియో చూసి జనం విరగబడి వచ్చారట, గట్ల మీద నాచంతా తొక్కేశారట. అది మళ్ళీ మొలవడానికి ఏళ్లు పడుతుందట. నా కాగితాలు చూపించాను. "నాచుకు చదవడం రాదు" అంది. ఆమె డ్యూటీ దిగాక అవతలి వైపు నుంచి వెళ్ళి తీసుకున్నాను. ఒక్కడినే, చూసి అడుగు వేశానులే.

గుండానికి జనం వస్తున్నారంటే నేనేం చేయను అక్కా? ఈ కాలంలో ఒక రాయి ఆకారం చూసి అది ఏ అడవిలోదో పట్టేసేవాళ్లున్నారు. గుర్వయ్య పేరు పెంటలో వాళ్లే ఎవరో చెప్పి ఉంటారు. అయినా జనం వస్తే అంతా నష్టమేనా? ఒక టీ కొట్టు పెట్టుకోవచ్చు, తేనె అమ్ముకోవచ్చు. లోకమంతా అలాగే బతుకుతోంది.

పర్మిషన్ సంగతి నువ్వు పట్టించుకోకు.

పరమేష్


ఇప్పలపెంట
సెప్టెంబరు 17

పరమేషూ,

మొన్న ఆదివారం గుండంలో ఒక పిల్లవాడు చనిపోయాడు.

మధ్యాహ్నం మూడున్నరకు గుర్వయ్య అల్లుడు పరిగెత్తుకుంటూ వచ్చి, "నర్సమ్మా, మునిగిండ్రు!" అన్నాడు. సంచి పట్టుకుని పోయాను. పైన వాన పడి నీళ్లు ఒక్కసారిగా పెరిగాయట. నలుగురు పిల్లలు, ఇంజనీరింగు చదివేవాళ్లు, ఫొటో కోసం నీళ్ల నడుమ బండ మీద నిలబడ్డారు. కాళ్లు జారాయి. ఒకడు తానే ఒడ్డుకు వచ్చాడు. కేకలు విని గుర్వయ్య తేనెతాడు నడుముకు చుట్టుకుని దూకి ఇద్దరిని తీశాడు. నాలుగోవాడి కోసం మళ్ళీ దూకాడు, మళ్ళీ దూకాడు. గంట తరువాత బండ కింద దొరికాడు. ఒడ్డున పడుకోబెట్టి నలభై నిమిషాలు గుండె మీద ఒత్తాను. లాభం లేకపోయింది.

వాడి జేబులో కాలేజీ కార్డు ఉంది. పేరు సునీల్. ఊరు రామన్నపేట.

మన ఊరే పరమేషూ. గాజుల దుకాణం ప్రమీలమ్మ కొడుకు. నువ్వు మూడేళ్ల కింద మన బడికి వచ్చి ఫొటోల గురించి మాట్లాడావే, అప్పుడు వాడు పదో తరగతి చదువుతున్నవాళ్లలో ఉన్నాడట. బతికినవాళ్లలో ఒకడు నా భుజం పట్టుకుని ఏడుస్తూ చెప్పాడు. "మా ఊరి పరమేషన్న తీసిన జాగ ఇది, మీకు చూపెడ్త అని మమ్మల్ని తోల్కొచ్చిండు మేడం" అన్నాడు.

సాయంత్రం ఠాణా వాళ్లు వచ్చి గుర్వయ్యను తీసుకుపోయారు. పైసలు తీసుకుని, అనుమతి లేకుండా మనుషులను అభయారణ్యంలోకి తోలుకుపోతాడని కేసు. సాక్ష్యం ఆ పిల్లల ఫోన్లోనే ఉంది. ఏదో యాత్రల వెబ్‌సైటులో ఇంగ్లీషులో గుండానికి దారి రాసి ఉంది. కింద, "పెంటలో గుర్వయ్యను అడగండి, ఆయనే గైడు, తీసుకువెళ్తాడు" అని ఉందట. గుర్వయ్య బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి. నర్సింగమ్మ జీపుకు అడ్డం నిలబడి, "బతికిచ్చినోన్ని తోల్కపోతరా? గిదేం న్యాయం సారూ?" అని అరిచింది. గుర్వయ్య గుండం వైపు చూస్తూ జీపెక్కాడు.

నువ్వు ఫోను చేశావని ఈరోజు అచ్చంపేటలో చూశాను. కావాలనే తిరిగి చేయలేదు. ఫోనులో అయితే ఏడుస్తాను, అడగాల్సింది అడగలేను.

ఆ దారి ఎవరు రాశారు?

అండాలు


పుంటా అరేనాస్, చిలీ
సెప్టెంబరు 25

అక్కా,

ఏం రాయాలో తెలియడం లేదు. ఆ పిల్లవాడి మొహం గుర్తు తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. ఆ రోజు బడిలో రెండు వందల మంది ఉన్నారు. నాకు ఏ మొహమూ గుర్తుకు రావడం లేదు.

ఆ వెబ్‌సైటులో ఎవరు పడితే వాళ్లు రాస్తారు, పేర్లు ఉండవు. మంచి వకీలును చూడు. నేను ఇక్కడ లోపలి ప్రాంతాలకు పోతున్నాను, కొన్నాళ్లు అందుబాటులో ఉండను.

పరమేష్


ఇప్పలపెంట
అక్టోబరు 13

పరమేషూ,

వకీలు దొరికింది. పేరు నిహారిక, చిన్న వయసే, పెంటల కేసులు చూస్తుంది. మొదటి బెయిలు కొట్టేశారు. "అడివిలకు పోతే మల్ల దొరుకుతడా?" అని అవతలి వకీలు అన్నాడట. నేను, నర్సింగమ్మ జైలుకు పోయి గుర్వయ్యను చూశాం. నల్లమలలో పుట్టి పెరిగిన మనిషి, నాలుగు గోడల నడుమ తల ఎటు తిప్పాలో తెలియనట్టు కూర్చున్నాడు. అన్నం సహించడం లేదు. చాలా చిక్కిపోయాడు. "మనవడు పాలు తాగుతుండా?" అని అడిగాడు. అంతే.

ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి.

నిహారిక తన ఫైలులోంచి ఆ దారి రాసిన కాగితం తీసి నాకు ఇచ్చింది. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటే గాని రాదు, అయినా చదివాను. "మట్టిదారి చివర ఆరోగ్య ఉపకేంద్రం వస్తుంది. ముందు సిమెంటు తొట్టిలో చిన్న చిన్న చేపలు ఈదుతుంటాయి. అక్కడ ఎడమకు తిరగండి."

దోమపిల్లలను తింటాయని ఆ చేపలను తెచ్చి తొట్టిలో వేసింది నేను. నువ్వు వచ్చిన వారమే. నువ్వు మోకాళ్ల మీద కూర్చుని వాటికి కూడా ఫొటోలు తీశావు. నువ్వు వెళ్ళిన పది రోజులకు బర్రె ఒరుసుకుని ఆ తొట్టి పగిలిపోయింది. మళ్ళీ కట్టలేదు. ఆ పది రోజుల్లో నా దగ్గరికి వచ్చిన బయటి మనిషివి నువ్వొక్కడివే.

కాగితం నా చేతిలో అలాగే ఉండిపోయింది. నిహారిక "ఏందక్కా, ఏమన్న గుర్తుకొచ్చిందా?" అని అడిగింది. "ఏం లేదు" అన్నాను.

అవును, ఏం లేదన్నాను. రెండుసార్లు అబద్ధం చెప్పాను. బీటు ఆఫీసరుకు ఒకసారి, ఈ పిల్లకు ఒకసారి. ఇంటికి వచ్చి నర్సింగమ్మ తెచ్చి పెట్టిన గడ్డలు ఉడకబెట్టుకుని తిన్నాను. ఆమె మొగుడు జైల్లో ఉన్నాడు నా తమ్ముడి వల్ల, ఆమె మాత్రం నేను తిన్నానో లేదో చూసుకుంటోంది.

ఇంకొకటి. ఆ పేజీ ఇప్పుడు వెబ్‌సైటులో లేదట. సెప్టెంబరు ఇరవై మూడున ఎవరో తీసేశారట. "రాసినోడు దొరికితే గుర్వయ్య గైడు కాదని తేలుతుండె. ఇప్పుడు వాడు కూడ దొరకడు" అని నిహారిక తల పట్టుకుంది. నేను సంతలో నా ఉత్తరం నీకు పంపింది ఇరవై రెండున.

అక్కగా నేనే అడుగుతున్నాను. అబద్ధమైనా సరే నాకు రాయి. కాని ఆలోచించి రాయి.

అండాలు


పుయెర్తో నతాలెస్, చిలీ
నవంబరు 2

అక్కా,

రాసింది నేనే. తీసేసింది నేనే.

మబ్బుగుండం ఫొటోను ఆ వెబ్‌సైటు వాళ్లకు పంపితే, చాలా బాగుంది, దారి కూడా రాసి ఇస్తే మొదటి పేజీలో పెడతాం, లేకపోతే లేదు అన్నారు. టిబిలీసీ ఫొటోల పోటీ వాళ్లు ఆ మొదటి పేజీ చూస్తారని నాకు తెలుసు. శంషాబాదు విమానాశ్రయంలో విమానం ఎక్కబోయే ముందు కూర్చుని, గంటలో రాసి పంపాను. గుర్వయ్య పేరు ఎందుకు రాశానంటే, జనం వస్తే ఆయనకు నాలుగు రాళ్లు వస్తాయని. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన నన్ను అడగలేదు. గుండం దగ్గర నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఆయన అడిగింది ఒక్కటే. "బొమ్మ తీస్కో బిడ్డా. తొవ్వ మాత్రం ఎవ్వలకు చెప్పకు. గివి మా తాగే నీళ్లు." చెప్పను అన్నాను. పైసలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పర్మిషన్ లేదు. అడిగితే ఇవ్వరని అడగలేదు.

నీ ఉత్తరం చూసిన మరునాడే పేజీ తీసేశాను. అప్పుడు నా మనసులో ఉన్నది సునీల్ కాదు, గుర్వయ్య కాదు. నా పేరు బయటికి వస్తుందేమోనన్నదే. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా నీకు రాయకపోతే ఇంకెవరికి రాయను?

ఇక్కడ జలపాతాల దారిలో మూడు రాతి శిఖరాలున్నాయి. పొద్దు పొడిచేటప్పుడు ఐదారు నిమిషాలు ఎర్రగా కాలిన ఇనుములా అవుతాయి. గాలికి గుడారం చిరిగింది. ఆరు రోజులు ఎక్కి దిగాను. ఆరో రోజు ఆ ఎరుపు వచ్చింది. నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. వెలుతురు కొలిచాయి, లెన్సు మార్చాయి, రెండు వందల ఫొటోలు తీశాయి. అంతా అయ్యాక పక్కన ఒక కుర్రవాడు, ఏ దేశమో, ఫొటో కోసం బండ అంచుకు జరుగుతున్నాడు. నేను గట్టిగా తెలుగులో అరిచాను. "జరగకురా! వెనుకకు రా!" వాడు బెదిరి వెనక్కి వచ్చి నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశాడు. అక్కడే కూర్చుండిపోయాను.

నాకు భయంగా ఉంది. నేను వచ్చి చెప్తే కేసు నా మీదికి వస్తుంది. పాస్‌పోర్టు తీసుకుంటారు. పుస్తకం పోతుంది. ఫిబ్రవరిలో పని అయిపోతుంది, అప్పుడు వచ్చి అంతా చెప్తాను. అంతవరకు నా తరఫున ఒక కాగితం రాసి సంతకం పెట్టి పంపుతాను, అది సరిపోతుందేమో నిహారికను అడుగు. మూడు నెలలు అక్కా. మూడు నెలలే.

పరమేష్


పానగల్
నవంబరు 24

పరమేషూ,

పైన ఊరి పేరు చూశావు కదా. నన్ను బదిలీ చేశారు.

నీ ఉత్తరం చదివిన మరునాడే నిహారిక దగ్గరికి పోయి నా సంగతి చెప్పాను. బీటు ఆఫీసరుకు ఏం దాచానో, చేపల తొట్టి చదివి ఏం దాచానో, అన్నీ రాసి సంతకం పెట్టాను. నీ ఉత్తరం మాత్రం చూపించలేదు. అది నువ్వు చెప్పాల్సింది. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. "అక్కా, తొలి దినమే చెప్తే అయిపోతుండె గదా" అంది, అంతే. మా శాఖ వాళ్లు నా మీద విచారణ పెట్టి, అది అయ్యేదాకా ఇక్కడ పనిచేయమన్నారు. పెట్టె సర్దుకుంటుంటే నర్సింగమ్మ వచ్చింది. ఆమెకు కూడా చెప్పాను. చివరిదాకా విన్నది. తరువాత నా సంచి అందుకుని బస్సు దాకా మోసింది. వద్దన్నా వినలేదు.

కాగితం చాలదట. మనిషి రావాలట.

మూడు నెలలు ఆగమని గుర్వయ్యకు నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు.

అండాలు


అచ్చంపేట
డిసెంబరు 13

అక్కా,

నేను వచ్చి పన్నెండు రోజులైంది. నీకు ముందే చెప్పలేదు, దారిలో మళ్ళీ మనసు మారుతుందేమోనని. శాంటియాగో విమానాశ్రయంలో ఒకసారి మారింది కూడా. టిక్కెట్టు చేతిలో పట్టుకుని రెండు గంటలు బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ విమానం పోయింది. మరునాటిది ఎక్కాను.

నిహారికను కలిసి ఠాణాకు పోయాను. మొత్తం రాసిచ్చాను. వెబ్‌సైటు వాళ్లకూ నాకూ నడిచిన ఈమెయిళ్లు, పేజీ తీసేసిన తేదీ, గుండం దగ్గరి అసలు ఫొటోలు అన్నీ ఇచ్చాను. రాసుకుంటున్న ఎస్సై మధ్యలో కలం ఆపి, "ఎవ్వలు అడగకముందే ఎందుకు వచ్చినవయ్యా?" అన్నాడు. మా అక్క అడిగింది అన్నాను. నా మీద కేసు పెట్టారు, పాస్‌పోర్టు తీసుకున్నారు. వారం వారం వచ్చి సంతకం పెట్టాలి. పుస్తకం పని వేరే అతనికి ఇచ్చామని ప్రచురణ వాళ్లు రాశారు. చదివి ఫోను జేబులో పెట్టుకున్నాను. అనుకున్నంత నొప్పి అనిపించలేదు. అది మెల్లగా వస్తుందేమో.

నిన్న గుర్వయ్యకు బెయిలు వచ్చింది. ఎనభై ఎనిమిది రోజులు. కేసులోంచి పేరు తీసేయడానికి ఇంకా కొంత కాలం పడుతుందని, కాని తీసేస్తారని నిహారిక చెప్పింది.

కోర్టు ఆవరణలో ప్రమీలమ్మ ఉంది. మన గాజుల దుకాణం ప్రమీలమ్మ. ఎవరో చెబితే రామన్నపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కొడుతుందనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. దగ్గరికి వచ్చి, "నువ్వు సైకిల్ షాపాయన కొడుకువు గదా" అంది. తల ఊపాను. "నువ్వు బడికి వొచ్చిపోయిన సంది కెమెరా కొనియ్యమని నా పానం తిన్నడు. అన్న లెక్క దేశాలు తిరుగుత అన్నడు." కొంగుతో మొహం తుడుచుకుని, "గా ఫొటో నేను చూడలే. ఫోను నీళ్లల్ల పాయె. ఏం చూద్దామని పోయిండో ఒకసారి చూపెట్టు" అంది.

చూపించాను. అక్కా, ఆ ఫొటోను లోకంలో ఎందరో మెచ్చుకున్నారు. ఆమె రెండు చేతులతో ఫోను పట్టుకుని, వేలితో నీళ్ల మీద నిమిరింది. చాలాసేపు చూసింది. "మంచిగనే ఉంది" అంది. ఫోను నా చేతిలో పెట్టింది. "గింత మంచిగున్నదాన్ని ఊకె చూసి రావొచ్చు గద బిడ్డా, గట్ల ఎందుకు దిగిండు?" అని నన్నే అడిగింది. నాకు తెలిసినట్టు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. ఆమె నన్ను లేవమనలేదు, తిట్టలేదు. బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

గుర్వయ్యను, నర్సింగమ్మను అద్దె జీపులో నేనే పెంటకు తీసుకుపోయాను. ఆయన వెనక సీటులో కిటికీ పట్టుకుని కూర్చున్నాడు. అడవి మొదలైన దగ్గర మాత్రం ఒకసారి గట్టిగా గాలి పీల్చాడు. నీ ఉపకేంద్రానికి తాళం వేసి ఉంది, కొత్త నర్సు ఇంకా రాలేదు. గుండానికి పోయే దారికి ఇనుప కంచె వేశారు. పెంట వాళ్లకు కూడా తాళమే. వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తోందట. గుర్వయ్య జీపు ఆపమని దిగి కంచె దాకా నడిచాడు. వేళ్లు జాలీలో పెట్టి నిలబడ్డాడు. అక్కడి నుంచి నీళ్లు కనబడవు, చప్పుడు వినబడుతుంది. నేను వెనక నిలబడ్డాను. దారిలో చాలా మాటలు అనుకున్నాను. "తప్పయింది" అని మాత్రం అన్నాను.

ఆయన తిరిగి చూడలేదు. "తప్పని నీకు ఎరుకే గద. ఎరుకయ్యే చేసినవ్" అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఇంటి దగ్గర దించాను. ఆయన బిడ్డ పసివాడిని తెచ్చి ఒళ్ళో పెట్టింది. వాడు గడ్డం పట్టి లాగితే గుర్వయ్య నవ్వాడు. నేను వెళ్ళబోతుంటే నర్సింగమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. అప్పుడు గుర్వయ్య పసివాడి మీది నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"నీళ్లు తాగి పో. మల్ల రాకు."

తాగాను. చెంబు ఆమె చేతికి ఇచ్చి వచ్చేశాను.

సోమవారం ఠాణాలో సంతకం పెట్టి, అటునుంచి అటే బస్సెక్కి పానగల్ వస్తాను. నీ విచారణ రోజున నీ పక్కన ఉంటాను.

పరమేష్